ఎడమ జేబు కింద టమాటా మరక

ఆ వీధిలో అందరూ ఆవిడని డాక్టరమ్మ అనే పిలుస్తారు. అలాగని ఆవిడ ఏ వైద్యమూ చదవలేదు. బట్టల మీద పడ్డ మరకల్ని వదిలించడం ఆవిడ పని. ఇంటి ముందుగదే కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. సిరా, తుప్పు, గ్రీజు, రక్తం, జామ్, ఏది పడ్డ గుడ్డ పట్టుకొచ్చినా ఒకసారి వెలుతురుకి ఎత్తి చూస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది, "బుధవారం రండి" అంటుంది. బుధవారానికి మరక ఉండదు. తలుపు పైన నీలం అక్షరాలతో ఒక బోర్డు ఉంది. "పోని మరక లేదు." కొట్టు తెరిచిన రోజున రాయించింది. ఇరవై రెండేళ్లయింది, ఇవాళ్టిదాకా దాన్ని వేలెత్తి చూపించినవాడు లేడు.

ఆ బోర్డుకి సాక్ష్యం కౌంటరు మీదుండే లావుపాటి రిజిస్టరు. తెచ్చిన బట్ట ఏమిటి, మరక ఎక్కడ, దేని మరక, అన్నీ రాశాక చివర రెండు గడులుంటాయి. ఒకదాని పైన 'పోయింది' అని, రెండోదాని పైన 'పోలేదు' అని. ఆ రెండో గడి ఇరవై రెండేళ్లుగా పైనుంచి కిందిదాకా తెల్లగా ఉంది. ఆ తెలుపంటే ఆవిడకి ప్రాణం. కొత్తవాళ్లెవరైనా కాస్త అనుమానంగా మాట్లాడితే చాలు, రిజిస్టరు వాళ్లవైపు తిప్పి, "వెతుక్కోండి, ఒక్కటి దొరికితే కొట్టు మూసేస్తాను" అనేది.

ఎదురుకొట్టు దర్జీ మాత్రం ఊరుకునే రకం కాదు. "ఎక్కడో ఒకచోట నీకోసం ఒక మరక పుట్టే ఉంటుంది చెల్లెమ్మా. నా వల్ల కాలేదు అనే మాట నీ నోట విన్నాకే నేను ఈ వీధి వదిలేది" అని రోజుకోసారి అనకపోతే ఆయనకి టీ దిగదు. "అయితే నువ్విక్కడే ముసలాడివైపోతావన్నయ్యా" అని ఆవిడ జవాబు. ఇదీ ఇరవై రెండేళ్ల ముచ్చటే.

ఇంత పేరున్న మనిషికి ఎలాంటి మొగుడు దొరికాడో చూడండి. నీళ్ల ఆఫీసులో గుమాస్తా. మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కానీ పళ్లెంలోది నోటిదాకా క్షేమంగా చేర్చడం ఆయనకి ఈ జన్మలో రాలేదు. కుడిచేత్తో చెంచా ఎత్తుతాడు. ఎత్తాక ఎడంపక్కనున్న మనిషితో ఏదో చెప్పాలనిపిస్తుంది. నోరు అటు తిరుగుతుంది, చెయ్యి నోటి వెంట పోతుంది, చెంచాలోది జారుతుంది. అందుకే ఆయన చొక్కాలన్నిటికీ మరక పడే చోటు ఒక్కటే, ఎడమ జేబు కింద. పోయిన నెల తలుపుకి రంగు వేస్తానని బయల్దేరి కుర్చీకి, పిల్లికి, కూతురి హాల్ టికెట్టుకి వేశాడు. తలుపుకి మాత్రం వేయలేదు, రంగు అయిపోయింది.

"మీరు ఊళ్లో ఉన్నన్నాళ్లూ నాకు పనికి లోటు లేదు. చుక్క పడకుండా ఒక్కపూట తినలేరా?" అని ఆవిడ రోజూ సాధిస్తుంది. సాధిస్తూనే చొక్కా విప్పించి, కింద తెల్లగుడ్డ పరిచి, పైనుంచి తడిదూదితో అద్దుతుంది. అద్దడమే, రుద్దడం లేదు. రుద్దితే మరక పాకుతుంది, నూలులోకి దిగుతుంది, ఇక బ్రహ్మాండం బద్దలైనా రాదు. ఆ ఇంట్లో దాన్ని మించిన నేరం లేదు. వాళ్ల అమ్మాయికి అ ఆలకంటే ముందు వచ్చిన పాఠం అదే. కాలేజీలో చేరిన పిల్ల, ఈనాటికీ చెయ్యి మరక మీద అటూ ఇటూ కదిలిందంటే వీపు మీద దెబ్బ పడుతుంది.

ఆ కొట్టుకి ఇంకో పద్ధతి ఉంది. ఇచ్చిన బట్టని మూడేళ్లయినా ఎవరూ తీసుకెళ్లకపోతే అది ఇంటివాళ్లది. రసీదు వెనక అచ్చులో ఉంటుంది, ఎవరూ చదవరు. ఆ ఇంటిల్లిపాదీ మీద ఉండేవన్నీ ఇలా వదిలేసిపోయిన బట్టలే. అమ్మాయి కాలేజీకి వేసుకెళ్లే స్వెట్టరు ఎవరో నర్సుది. ఆవిడ భుజాన వేసుకునే శాలువా ఎవరో లాయరుగారి భార్యది. ఇన్నేళ్లలో మూడేళ్లు దాటాక బట్ట కోసం వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. అసలు వస్తారని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ఆ గురువారం పొద్దున్న పదిన్నరకి ఒక పెద్దాయన వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, మెడదాకా బొత్తాలు పెట్టిన చొక్కా. చేతిలో మడతలు పడి, మడతల దగ్గర చిరుగులు పట్టిన రసీదు. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయికి దాన్ని రెండు చేతులతో అందించాడు.

"ఇది ఇప్పటికీ చెల్లుతుందా అమ్మా?"

అమ్మాయి నంబరు చూసి రిజిస్టరు తీసింది, పేజీలు తిప్పింది, వేలు పెట్టి చదివింది. "బూడిదరంగు కోటు. ఎడమ జేబు కింద. టమాటా." అంతవరకు పైకి చదివి ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా!" అని పిలిచింది. ఆ పిలుపులోనే ఏదో కొంప మునిగిందని వెనక గదిలో ఉన్న ఆవిడకి తెలిసిపోయింది.

వచ్చి రిజిస్టరు చూసింది. మొన్న సోమవారంతో మూడేళ్లు నిండిన కోటు. మొన్న సోమవారమే మేకు మీంచి దించింది. నిన్న సాయంత్రం దర్జీ చేత చేతులు రెండు అంగుళాలు లోపలికి మడిపించి కుట్టించింది. ఇవాళ పొద్దున్న తొమ్మిదింటికి ఆ కోటు తొడుక్కునే ఆవిడ మొగుడు ఆఫీసుకి వెళ్లాడు. వాళ్ల పెద్ద ఆఫీసరు రిటైరవుతున్నాడు, మధ్యాహ్నం విందు ఉంది, నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. వెయ్యి రోజులకి పైగా మేకుకి వేలాడింది, ఒక్కడు అడగలేదు. బయటికి వెళ్లి గంటన్నర కాలేదు, ఓనరు ఎదురుగా నిలబడ్డాడు! ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

"కోటు... ఉందా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

మూడేళ్లు దాటింది, రసీదు వెనక చదువుకోండి అంటే అనవచ్చు. అనబుద్ధి కాలేదు. తన కొట్టుకొచ్చిన బట్ట లేదని ఒక్క మనిషికి కూడా ఆవిడ ఇంతవరకు చెప్పలేదు. "ఉందండీ, ఉండకేం? పాతవన్నీ వేరేచోట పెట్టాం. సాయంత్రం నాలుగింటికి రండి, తెప్పించి ఉంచుతాను."

ఆయన తలూపాడు కానీ కదల్లేదు. "మరి ఆ మరక..." అని ఏదో అడగబోయాడు.

ఆవిడ చెయ్యెత్తి తలుపు పైన బోర్డు చూపించింది. పెద్దాయన బోర్డు చదివాడు. ఆయన మొహం వాడిపోయింది. "ఓహో. సరేలెండి" అన్నాడు నెమ్మదిగా. ఆవిడకి ఒళ్లు మండింది. నా పనితనం మీద అనుమానమా అనుకుంది. గుమ్మం దాటుతూ ఆయన వెనక్కి తిరిగాడు. "ముప్పై ఆరేళ్లు రైల్లో గార్డుగా చేశానమ్మా. నాలుగంటే నాలుగుకే వస్తాను."

ఆయన వీధి మలుపు తిరగ్గానే ఆవిడ ఫోన్ అందుకుంది. అది ఎంత తప్పో ఆ క్షణాన తట్టలేదు. మొగుడు దొరకలేదు. ఆఫీసులో ఏదో మీటింగు. పదకొండింటికీ దొరకలేదు, పన్నెండింటికీ దొరకలేదు. ఒంటిగంట దాటాక ఎత్తాడు. వెనక చెంచాల చప్పుడు, నవ్వులు, ఎవరో మైకు సవరిస్తున్న కీచుమోత.

"ఏవండీ, కోటు విప్పండి!"

"ఏమిటీ?"

"కోటు! ఉన్నపళంగా విప్పేయండి! ఎక్కడున్నారో అక్కడే! ఏమీ తినకండి, ఏమీ ముట్టుకోకండి, ముందు విప్పండి!"

పాపం ఆ మనిషి ఏమనుకున్నాడో తెలుసా? కోట్లో తేలు ఉందనుకున్నాడు. మూడేళ్లు మేకుకున్న కోటాయె, ఏ పురుగైనా చేరి ఉంటుంది, పెళ్లానికి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది అనుకుని కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు. ఫోన్లో ముందు కుర్చీ పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత పింగాణీ పగిలిన చప్పుడు. తర్వాత ఎవరో ఆడమనిషి కెవ్వుమన్న కేక. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఆవిడ ఫోన్ చెవికి నొక్కుకుని ఊపిరి బిగబట్టింది.

"విప్పానే" అన్నాడు చాలాసేపటికి, నీరసంగా.

"ఏమైనా పడిందా?"

జవాబు లేదు.

"మిమ్మల్నే! పడిందా?"

"సూపు."

"ఏం సూపు?"

"టమాటా" అన్నాడు.

ఆవిడ కౌంటరు మీద తల పట్టుకుని కూలబడింది. అమ్మాయి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. వీధి అవతల నుంచి దర్జీ టేపు మెళ్లో వేసుకుని పరిగెత్తుకొచ్చాడు, ఆవిడ కేకలు అక్కడిదాకా వినిపించాయి మరి. సంగతంతా విని ముక్కున వేలేసుకున్నాడు. "ఇన్నాళ్ల సర్వీసులో నేనిలాంటిది చూళ్లేదు చెల్లెమ్మా" అన్నాడు. సంతోషమో జాలో తేలని గొంతుతో.

మొగుడు బస్సు పట్టుకుని వచ్చేసరికి మూడు దాటి పది నిమిషాలైంది. కోటుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. ఆవిడ లాక్కుని బల్ల మీద పరిచింది. ఎడమ జేబు కింద, అచ్చంగా అక్కడే, అరచెయ్యంత ఎర్రటి మరక. బస్సు కిటికీ గాలికి ఎండి గట్టిబడింది. అంతవరకైతే ఆవిడకి లెక్కేమీ లేదు, పావుగంట పని. కానీ వెలుతురుకి ఎత్తి చూసేసరికి కళ్లు తిరిగాయి. మరక అంచులు మసకగా, దుమ్ము రేగినట్టు నలువైపులా పాకి ఉన్నాయి.

"రుద్దారా?"

ఆయన తలొంచుకున్నాడు.

"పాతికేళ్లు నాతో కాపురం చేసి, రుద్దారా మీరు?"

"కంగారులోనే! చేతిలో గుడ్డ ఉంది, రుద్దేశాను. నేనేం చేశానో నాకే తెలీలేదు."

ఆవిడ గోడ గడియారం చూసింది. యాభై నిమిషాలుంది. మరక వదిలించాలి, చేతుల మడతలు విప్పాలి, విప్పిన చోట ఇస్త్రీ చెయ్యాలి. పైగా గుడ్డ తడిగా ఉంటే దర్జీ ముట్టుకోడు, ఇస్త్రీపెట్టె వేడి మరకకి తగిలిందా అది జన్మలో వదలదు. ముందు నేనంటే ముందు నేనని ఆవిడా దర్జీ కోటుని చెరోవైపు పట్టుకుని నిమిషంసేపు వాదించుకున్నారు. అమ్మాయి గడియారం వైపు చూపించింది. చివరికి ముందు చేతులు, తర్వాత మరక అని ఒప్పందం కుదిరింది.

దర్జీ చిన్న కత్తెరతో ఒక్కొక్క కుట్టే విప్పుకుంటూ వచ్చాడు. నిన్న చేసిన పని ఆయనే విప్పుకోవడం, పైగా నిన్న మంచి మన్నికగా కుట్టాడేమో, కుట్టు విప్పినప్పుడల్లా తనని తాను తిట్టుకున్నాడు. అమ్మాయి చేతుల చివర్లకి మాత్రమే ఇస్త్రీ చేసింది, మిగతా కోటంతా వేడి తగలకుండా పక్కకి పట్టుకుని. మొగుడు ఏదో సాయం చేద్దామని గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ముగ్గురూ ఒకేసారి "అక్కడే ఆగండి!" అని అరిచారు. ఆయన గ్లాసుతో సహా వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, హ్యాంగర్లకి వేలాడుతున్న బట్టల చాటున నిలబడిపోయాడు.

కోటు ఆవిడ చేతికి వచ్చేసరికి నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ. కింద తెల్లగుడ్డ పరిచింది. చల్లటి నీళ్ల గిన్నె, పలచని వెనిగర్ సీసా, దూది, అన్నీ వరసగా పెట్టుకుంది. ఐదు నిమిషాల్లో పూర్తిగా పోదు, కానీ సగం పోతే ఏదో ఒకటి చెప్పి రేపు రమ్మనవచ్చు. సీసా మూత తీసింది. దూది ముంచబోయింది.

"నమస్కారమమ్మా."

గార్డుగారు గుమ్మంలో ఉన్నాడు. గోడ గడియారం అప్పుడే నాలుగు కొట్టడం మొదలుపెట్టింది.

దాచడానికి లేదు, మడవడానికి లేదు. కోటు బల్ల మీద వెల్లకిలా పరిచి ఉంది, మరక పైకి కనిపిస్తూ. ఆవిడ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఇంక అయిపోయింది, ఇరవై రెండేళ్ల పేరు ఇవాళ్టితో మట్టిలో కలిసిపోతుంది అనుకుంది. మరక పోలేదన్నదొకటే కాదు, మీ కోటు తొడుక్కుని మా ఆయన విందుకి వెళ్లాడని కూడా చెప్పుకోవాలి. దర్జీ విననే వింటాడు. రేపటికి వీధంతా తెలుస్తుంది.

గార్డుగారు బల్ల దగ్గరికొచ్చాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. వంగి చూశాడు. ఆయన పెదాలు వణకడం మొదలుపెట్టాయి. ఆవిడ తిట్లకి సిద్ధమై కళ్లు మూసుకుంది.

"ఉంది" అన్నాడాయన. "పోలేదు! ఇంకా ఉంది!"

కళ్లు తెరిచి చూస్తే ఆ పెద్దమనిషి ఏడుస్తున్నాడు. ఏడుస్తూ నవ్వుతున్నాడు. కొట్టులో ఉన్నవాళ్లకి మతులు పోయాయి.

"మీ బోర్డు చూసి పోయిందనుకున్నానమ్మా. పొద్దుటినుంచి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను, రావాలా వద్దా అని. వట్టి కోటు నేనేం చేసుకోను?" మరక మీదకి చెయ్యి చాపి, తాకకుండా ఆగాడు. "ఇది మా ఆవిడ పోసింది. నేను రిటైరైన రాత్రి. ముప్పై ఆరేళ్లూ నావి రాత్రి డ్యూటీలే. తను ఒక్కతే తినేది, నేను ఎక్కడో రైల్లో డబ్బా విప్పుకునేవాణ్ణి. ఆ రాత్రి ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. రేపట్నుంచి రోజూ ఇలాగే అన్నాను. అని, జేబులోంచి ఈల తీసి ఊదాను, ఇక వడ్డించవచ్చు అని. తను ఎంత నవ్విందంటే చేతిలో గరిటె నిలవలేదు. సూపంతా నా మీదే పోసింది. పోశాక ఇంకా నవ్వింది."

ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట ఒక బక్కపలచని మనిషి ఈ కోటు తెచ్చి కౌంటరు మీద వేసి, "నా చేతి పనేనండీ" అంటూ నవ్వు ఆపుకోలేకపోయింది. మా ఇంట్లో ఒకాయన ఉన్నాడు, మీరూ ఆయనా కలిస్తే నేను మేడ కడతానని తను అంటే, మళ్లీ పడీ పడీ నవ్వింది.

"కోటు మీకిచ్చిన తొమ్మిదో రోజున పోయింది" అన్నాడు గార్డుగారు. "గుండె. చెప్పాపెట్టకుండా. చుట్టాలందరూ వచ్చారు, నాకు సాయమని ఇల్లంతా కడిగారు, తన చీరలన్నీ ఉతికి పంచేశారు, తను చెయ్యి పెట్టిన గిన్నె కూడా తోమేశారు. మంచికే చేశారులెండి. ఇంట్లో ఎక్కడ చూసినా శుభ్రమే. తన సంచీ మాత్రం ఇన్నాళ్లూ నేను తెరవలేకపోయాను. ఇవాళ పొద్దున్న తెరిచాను. మీ రసీదు ఉంది."

హ్యాంగర్ల చాటున గ్లాసు ఒరిగి, నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయి.

ఆవిడ దూదిని మెల్లగా గిన్నెలో వదిలేసింది. ఆ కోటు మీద అసలు మరక ఏమైందో ఆవిడకి తెలుసు. మూడేళ్ల కిందటి బుధవారం, ఇదే బల్ల మీద, ఇరవై నిమిషాల్లో తనే తీసేసింది. అంచు కూడా మిగల్చకుండా తీసేసి, వెలుతురుకి ఎత్తి చూసుకుని, తన పనికి తనే మురిసిపోయింది.

గార్డుగారు ఇంకాస్త వంగాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "అమ్మా, ఇది... ఇంత పెద్దది కాదేమో అప్పుడు. కాస్త పాకినట్టుంది."

అమ్మాయి తల్లివైపు చూసింది.

"నేనే రుద్దానండీ" అంది ఆవిడ.

"అమ్మా!" అంది కూతురు.

"నువ్వుండు. అవునండీ, రుద్దాను. ఎంతకీ రాకపోయేసరికి పంతం పట్టి గట్టిగా రుద్దాను. అలా చెయ్యకూడదు, పని నేర్చుకునే పిల్లలు కూడా చెయ్యరు. పాకింది. నన్ను క్షమించాలి."

"అయ్యో, మరి బోర్డు..."

"బోర్డు అబద్ధమండీ" అంది. "ఇది నా వల్ల కాలేదు."

గార్డుగారు రెండు చేతులూ జోడించాడు. వల్లకానందుకు అంత కృతజ్ఞత ఆవిడ జన్మలో చూడలేదు. "ఎక్కడ సంతకం పెట్టమంటారు?" అన్నాడు. అమ్మాయి అలవాటు కొద్దీ రిజిస్టరు తెరిచి ఆయనవైపు తిప్పింది. తిప్పాక గుండె ఆగింది. ఆ వరసలో, తల్లి గుండ్రటి చేతిరాతలో, చిన్న టిక్కు మార్కుతో సహా, 'పోయింది' గడి నిండి ఉంది. గార్డుగారు కళ్లజోడు సవరించుకుంటున్నాడు.

ఆవిడ ఒక్క అంగలో వచ్చి రిజిస్టరు తనవైపు లాక్కుంది. "ఆగండి, దీన్ని పూర్తి చెయ్యాలి." కలం తీసుకుంది. టిక్కు మీద అడ్డంగా గట్టిగా గీత గీసింది. పక్కనే ఇరవై రెండేళ్లుగా పైనుంచి కిందిదాకా తెల్లగా ఉన్న గడి. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అందులో 'పోలేదు' అని స్పష్టంగా, పెద్ద అక్షరాలతో రాసింది. దాని పక్కన గార్డుగారు సంతకం పెట్టాడు. డబ్బులు ఇవ్వబోతే, పోని మరకకి మేం డబ్బు తీసుకోమండీ అంది. ఆయన కోటు మడవనివ్వలేదు. మరక నలుగుతుందని, హ్యాంగరుకే వేసి, వేలికి తగిలించుకుని, వీధిలో ఎత్తి పట్టుకుని వెళ్లిపోయాడు.

దర్జీ కత్తెర జేబులో పెట్టుకున్నాడు. గుమ్మందాకా వెళ్లి ఆగాడు.

"ఇరవై రెండేళ్లుగా ఆ మాట నీ నోట వినాలని కాచుక్కూచున్నాను చెల్లెమ్మా."

"విన్నావుగా."

"విన్నాను. ఏం బాగాలేదు" అన్నాడు. అని తన కొట్టుకి వెళ్లి మిషను ముందు కూర్చున్నాడు కానీ, చాలాసేపు తొక్కలేదు.

అప్పుడు హ్యాంగర్లు జరిగాయి. "నేనింక బయటికి రావచ్చా?" అంటూ మొగుడు తల బయటపెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గ్లాసు ఖాళీ. ఆయన చొక్కా చూసి అమ్మాయి నెత్తి కొట్టుకుంది. సూపు కోటులోంచి లోపలికి ఇంకింది కాబోలు, తెల్లచొక్కా మీద ఎడమ జేబు కింద ఇంకో ఎర్రటి మరక.

"విప్పు నాన్నా, విప్పు! ఇప్పటికే ఎండిపోయింది. అమ్మా, దూది ఇలా ఇవ్వు. అద్దుతానులే, రుద్దనులే."

ఆయన కూడా తిట్లకి సిద్ధమై, తలొంచుకుని గబగబా బొత్తాలు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ సీసా చేతిలోకి తీసుకుంది. ఆ మరక వంక చూసింది. దాని మీంచి ఆయన మొహంలోకి చూసింది. పాతికేళ్లలో ఆ చోటు నుంచి ఎన్ని మరకలు తీసిందో, ఒక్కటైనా మిగల్చలేదు. ఏ చొక్కా చూసినా కొత్తదానిలా ఉంటుంది.

"ఉండనీ" అంది.

ఆయన చెయ్యి బొత్తం మీదే ఆగిపోయింది. పొద్దుటినుంచి ఆ ఇంట్లో ఎన్ని పిడుగులు పడినా ఇంతగా ఎవరూ అదిరిపోలేదు. "ఏమిటీ?" అన్నాడు. "ఏమన్నావు?"

ఆవిడ సీసా మూత గట్టిగా బిగించి అలమారులో పెట్టేసింది. "మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదుగా మీరు. రండి, వడ్డిస్తాను."

"చొక్కా మార్చుకుని రానా?"

"వద్దు" అంది. "దాంతోనే రండి."